నూలని కొంటే పాలియెస్టర్: పోగు తీసి చూస్తేనే నిజం తెలిసేది

జొన్నగిరి: తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. దొరికిన రాయిని నలుగురికీ చూపించి గాని బేరానికి ఒప్పుకోరు. అదే జనం పండుగకో పెళ్లికో బట్టలు కొనేటప్పుడు మాత్రం అంగట్లో చెప్పిన మాటనే నమ్ముతారు. నూలని తెచ్చుకున్న చీర ఎండలో చెమట పీల్చక ఒంటికి అతుక్కున్నప్పుడు గాని అనుమానం రాదు.

పత్తి పండే సీమలో ఈ మోసం కొన్నవారితో ఆగదు. ఇక్కడి రైతు పత్తిని ఆదోని మార్కెట్టుకు తోలుతాడు. పక్కనే ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. నూలు పేరుతో పాలియెస్టర్ అమ్ముడుపోయిన కొద్దీ పత్తికి గిరాకీ తగ్గుతుంది. మగ్గం మీద నేసిన అసలు నూలు చీర ధర ఎక్కువన్న నింద మోయవలసి వస్తుంది.

చట్టం, గుర్తు

చీర, ధోవతి, తువాలు, లుంగీ వంటి 11 రకాలలో నిర్ణీత లక్షణాలున్న బట్టలను 1985 నాటి చట్టం చేనేతకే ప్రత్యేకించింది. ఈ చట్టాన్ని 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2006లో చేనేత గుర్తు వచ్చింది. అయితే ఆ గుర్తు బట్టను చేతిమగ్గంపై నేశారని చెబుతుందే గాని, అందులోని దారం నూలేనని చెప్పదు. కాబట్టి దారాన్ని విడిగా చూసుకోవలసిందే.

పరీక్ష ఇలా

బట్ట అంచు నుంచి పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి తీయాలి. ఒకవైపు నూలు, మరొకవైపు పాలియెస్టర్ వేసి నేసే బట్టలు ఉన్నందున ఒక్క పోగు చాలదు. అంగడి బయట, నీళ్లున్న పళ్లెం పైన పట్టకారుతో పట్టుకుని కాల్చాలి. కరిగిన చుక్క చేతిమీద పడితే బొబ్బ లేస్తుంది.

నూలు పోగు కాగితంలా మండుతుంది, వేలితో నలిపితే మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ మంట తగలగానే ముడుచుకుని కరిగి, నల్లటి గట్టి పూసగా మిగులుతుంది. రెండూ కలిపిన పోగులో బూడిదా, గట్టి ఉండా రెండూ కనిపిస్తాయి. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

రేయాన్ కూడా నూలులాగే కాలుతుంది గనుక దానికి నీటి పరీక్ష చేయాలి. పోగును తడిపి లాగితే రేయాన్ సులువుగా తెగుతుంది. నూలు తడిసినా గట్టిగా నిలుస్తుంది.

బిల్లే ఆధారం

‘నూరు శాతం నూలు’ అని రాసిన బిల్లు అడిగి తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. అలా రాయడానికి వెనుకాడే చోట కొనకపోవడమే మేలు. మోసం తేలితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు విలువైన కొనుగోలుపై రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు.

అంగడిలో ప్రతి ఒక్కరూ పోగు కాల్చి చూడలేరు. కాబట్టి పండుగలకు ముందు అధికారులు అంగళ్లలో బట్టల నమూనాలు తీసి పరీక్షింపజేయాలి. అది జరిగేదాకా పల్లె కొనుగోలుదారుకు బిల్లు, పోగు తప్ప వేరే రక్షణ లేదు.