అరకు చూడ్డానికి రండి, ఎకరం రేటు అడగొద్దు

డిసెంబర్ వస్తే చాలు, అశోక్ నగర్ హాస్టళ్లలో నోటిఫికేషన్ల ముచ్చట కాసేపు పక్కకి పోతుంది. శుక్రవారం సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి విశాఖ, అక్కడ కిరండూల్ పాసింజర్ పట్టుకుంటే మధ్యాహ్నంలోపు అరకు. లంబసింగి చలి, వంజంగి మేఘాలు, పసుపుపచ్చగా పూసిన వలిసె చేలు. నెలల తరబడి బిట్లు బట్టీ కొట్టి బుర్ర వేడెక్కిన పిల్లలు రెండు రోజులు కొండల్లో తిరిగొస్తే తప్పేంటి? ఏం తప్పు లేదు. మన ఇంటికి చుట్టం రావడం మనకి కొత్తా?

తిరిగొచ్చాక నారాయణగూడ టీ బండి దగ్గర మొదలయ్యే మాటతోనే మా పేచీ. "భయ్యా, అక్కడ ఎకరం ఎంతుంటది? ఒక అరెకరం తీసుకుని రెండు కాటేజీలు వేస్తే లైఫ్ సెట్." ఈ మాట అనేవాళ్లకి 1/70 అంటే ఏంటో తెలీదనుకోవద్దు. బాగా తెలుసు. పరీక్షకి అది ఒక బిట్టు. ఏ సంవత్సరం, ఏ షెడ్యూలు, సమత తీర్పు ఎప్పుడు, అన్నీ చెప్తారు. ఆన్సర్ టిక్కు పెట్టాక ఆ చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఆ రూములోనే పక్క మంచం మీద మనవాడు ఉంటాడు. ఉట్నూరు నుంచో, ఏటూరునాగారం నుంచో, భద్రాచలం అవతల నుంచో వచ్చినవాడు. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి సొంత ఊరి బడిలో ఉద్యోగం కోసం కూడా మనవాడు అందరితో పోటీ పడాలి. అందుకే చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకడం కోసం పొద్దున్నే లైన్లో నిలబడుతున్నాడు. వాడు కొండ దిగి ఇక్కడికొచ్చాడు. ఇక్కడివాళ్లు వాడి కొండ మీద ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నారు.

చట్టం ఏం చెప్తుందో బిట్టులా కాకుండా ఒకసారి చూద్దాం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో గట్టిగా సవరించారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే ఇదే రూలు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. కౌలు, తనఖా, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. "కొనట్లేదు బ్రో, లీజుకి తీసుకుని టెంట్లు వేస్తున్నాం" అనేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. నోటరీ ముద్ర కొట్టిస్తే చెల్లని కాగితం చెల్లిపోదు. ఈ చట్టాన్ని 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమత కేసులో 1997లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా తన భూమిని ఇక్కడ గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని చెప్పింది.

ఇంత ఉన్నా, 2025 జనవరిలో ఆంధ్రా అసెంబ్లీ స్పీకర్ టూరిజం పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలన్నట్టు మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ అయింది. చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది. ఆ మాటని గుర్తుపెట్టుకుందాం, కానీ దాని మీదే నిద్రపోవద్దు.

పెట్టుబడి వాదం చేసేవాళ్లు ఒకటి బాగా వాడతారు: "ఈ చట్టం ఉంటే మీ భూమి మీద బ్యాంకు అప్పు కూడా పుట్టదు, మీకే నష్టం." వినడానికి బాగుంటుంది, నిజం కాదు. భూమి స్వాధీనం వదులుకోకుండా సహకార సంఘానికో, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో తనఖా పెట్టుకునే వీలు ఇదే చట్టంలో ఉంది. అప్పు తీరకపోతే ఆ భూమిని మళ్లీ గిరిజనుడికే అమ్మాలి, అంతే. అంటే మన పిల్లలు హోంస్టే పెట్టుకోవడానికి చట్టం అడ్డు కాదు. మనోడికి అప్పివ్వడానికి మేనేజరు గారి మనసు అడ్డు. సవరించాల్సింది ఏదో మీరే చెప్పండి.

రోడ్ల సంగతి చెప్తే ఇంకా కడుపు మండుతుంది. మేఘాలు చూసే కొండకి జీపులు బారులు కడతాయి. అదే మన్యంలో నిండు గర్భిణిని డోలీలో మోసుకుని దిగే గూడేలు ఇంకా ఉన్నాయి. పాపికొండలైతే బోటెక్కి ఫోటోలు తీసుకునేవాళ్లకి అందం, పోలవరం కింద ఊళ్లు ఖాళీ చేసిన కొండరెడ్లకి, కోయలకి అది వదిలొచ్చిన ఇల్లు. మన్యానికి మకాం మార్చాలని కలలు కనేవాళ్లు, మకాం మార్పించబడ్డవాళ్లతో ఒక్కసారి మాట్లాడాలి.

ఇప్పుడు అసలు విషయం, ఇది మనవాళ్లకే. తమ్ముడూ, చెల్లీ, బయటివాడు మన్యంలో సొంతంగా రిసార్టు కట్టలేడు. వాడికి మన పేరు కావాలి. రూమ్మేట్‌గా, కోచింగ్ స్నేహితుడిగా, ఒక్కోసారి పెళ్లి సంబంధంగా కూడా వస్తాడు. "పట్టా నీ పేరు మీద, డబ్బు నాది, నెలకింత నీకు" అంటాడు. ఫీజు కట్టడానికి ఇంటి నుంచి డబ్బు రాని నెలలో ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మాకూ తెలుసు. కానీ ఆ సంతకంతో పోయేది నీ అరెకరం ఒక్కటే కాదు. పక్క చేను వాళ్లకి దారి పోతుంది, ఊట నీళ్లు వాడి ట్యాంకుకి పోతాయి, రేపు గ్రామసభలో నీ నోరు లేవదు.

స్నేహితులు చూడ్డానికి వస్తామంటే తీసుకెళ్లండి. మన ఇంట్లోనే దింపండి, గదికి డబ్బు తీసుకోండి, మొహమాటపడొద్దు. వలిసె చేలో ఫోటోకి రైతు పదో ఇరవయ్యో అడిగితే ఇప్పించండి, అది వాడి పంట. కాఫీ, మిరియాలు, పసుపు సంతలో మన అక్కల దగ్గరే కొనిపించండి. థింసా ఆడమని ఎవరినీ బతిమాలొద్దు, పండగ రోజుల్లో వస్తే వాళ్లే చూస్తారు.

ఎవరైనా అగ్రిమెంటు కాగితం తెస్తే మాత్రం సంతకం పెట్టకుండా ఫోటో తీసి పెట్టుకోండి. గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఆఫీసులో ఎల్టీఆర్ కేసులు చూస్తారు. భూమితో సంబంధం ఉన్నవాళ్లు అక్కడ అర్జీ పెట్టొచ్చు, అర్జీ లేకపోయినా అధికారి తనంతట తానే కేసు తీసుకోవచ్చు. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఊళ్లో కొత్తగా లేచిన టెంట్లు ఎవరి పేరు మీద ఉన్నాయో గ్రామసభలో అడిగి రండి.