క్రూజ్‌కి వంటిల్లు అక్కర్లేదు

ప్రయాణం అనగానే మనం పులిహోర, జంతికలు, ఆవకాయ సీసాతో మొదలుపెడతాం. క్రూజ్‌కి మాత్రం ఆ సంచి ఇంట్లోనే వదిలేయండి అంటాను. ఇంట్లో వండినవి చాలా ఓడల్లోకి రానివ్వరు. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ కూడా చెకింగులోనే తీసి పక్కన పెట్టేస్తారు. శాకాహారం, జైన్ భోజనం కావాలంటే టికెట్టు కొన్నప్పుడే చెప్పుకోవాలి.

మన బుర్ర పెట్టాల్సింది చేతిసంచి మీద. పెద్ద సూట్‌కేసులు రేవులోనే తీసేసుకుంటారు. అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అత్తగారి బీపీ, షుగరు మాత్రలు వాటిలో ఉండిపోతే మధ్యాహ్నం మోతాదు తప్పినట్టే. అందుకే మందులు, డాక్టరు చీటీ, పాస్‌పోర్టులు, పిల్లలకో జత బట్టలు, ఏసీ చలికో శాలువా మన భుజానే ఉండాలి. వాంతుల మాత్ర తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి. పెద్దవాళ్ళకి ఏది పడుతుందో డాక్టరునే అడగండి. గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ.

సింగపూర్‌లో ఎక్కి, మలేషియా చూసి, మళ్ళీ సింగపూర్‌లోనే దిగేవాళ్ళు వీసా రెండోసారి ప్రవేశానికీ చెల్లుతుందో లేదో చూసుకోండి. ఓడ కదలగానే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి, సముద్రం మీద రోమింగ్ బిల్లు గుండె గుభేల్‌మనిపిస్తుంది.

ఇంకొకటి. ఇంటిల్లిపాదికీ సర్దిపెట్టే మనిషికి సెలవెప్పుడు? పదేళ్ళు దాటిన పిల్లలు, వాళ్ళ నాన్న, ఎవరి పెట్టె వాళ్ళే సర్దుకోవాలి. సాక్సులు మర్చిపోతే నాలుగు రోజులు సాక్సుల్లేకుండా తిరుగుతారు, ఓడేం మునిగిపోదు. మందుల సంచి మాత్రం నేనే సర్దుతాను.