బస్తీ పిల్లల తరఫున హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌ గారికి

అయ్యా,

బస్తీలో హత్య జరిగితే పంచనామా రాస్తారు, నిందితుణ్ణి పట్టుకుంటారు. పక్క గల్లీ పిల్లవాడి ఊసు ఏ కాగితంలోనూ ఉండదు. షికాగో నల్లజాతి పిల్లలపై ప్యాట్రిక్ షార్కీ అనే సామాజిక శాస్త్రవేత్త 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటి చుట్టుపక్కల హత్య జరిగిన వారంలోపే పరీక్షించిన పిల్లలకు చదవడంలో మార్కులు తగ్గాయి. వాళ్లు ఆ హత్యను కళ్లారా చూసి ఉండనక్కర్లేదు కూడా.

ఇక మన బస్తీలో, ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంట్లో గల్లీ అరుపులు నేరుగా చెవిలోనే పడతాయి. నిద్రలేని పిల్లవాడు బడిలో కునుకుతాడు, తిట్లు తింటాడు, మెల్లగా బడి మానేస్తాడు. గల్లీలో బలమున్న ‘అన్న’ వెనక తిరిగితే తనను ఎవరూ కొట్టరనుకుంటాడు. దాన్ని మనం దుర్బుద్ధి అంటాం; వాడికది బతుకు లెక్క.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు వీలైనంతవరకు యూనిఫాం వద్దని 2016 నమూనా నియమాలు చెబుతున్నాయి. మరి తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌కి యూనిఫాంలో వచ్చి తలుపు తట్టేది ఎవరు?

నేరస్తుల్ని వదిలేయమనడం లేదు. హత్య జరిగిన మర్నాడే ఆ బాలల సంక్షేమ అధికారిని మఫ్టీలో, ఒక కౌన్సెలర్‌తో కలిపి, బస్తీ బడికి పంపండి. ఆ వారం పరీక్షలుంటే వాయిదా వేయమని హెడ్‌మాస్టరుకు ఫోన్ చేయించండి.

ఇట్లు,
ఒక నగరవాసి