ఆరాధనలో మన చేతులు



గడచిన మట్టల ఆదివారమున మన బడిపిల్లలు ఈతాకులతో చిన్న సిలువలు అల్లి గుడికి తెచ్చిరి. ఆరాధన ముగిసిన పిమ్మట నేను గుడి ఊడ్పించుచు వాటిని చెత్తతోకూడ బయట వేయించితిని. మరునాడు ఒక చిన్నది బడికి వచ్చి, "అయ్యవారూ, నా సిలువను దేవుడు తీసికొన్నాడాండి?" అని అడిగెను. నాకు మాట రాలేదు. ఆ ప్రశ్నయే ఈ మాసము నాచేత ఇది వ్రాయించుచున్నది.

ఆరాధన యనగా పాడుట, వినుట, మోకరించుట అని మనము తలంతుము. అయితే నిర్గమకాండము 31వ అధ్యాయము తీసి చూడుడు. ప్రత్యక్షపు గుడారము కట్టవలసి వచ్చినప్పుడు బెసలేలు అను పనివాడు దేవుని ఆత్మతో నింపబడెను. ఎందులకు? బంగారము, వెండి, ఇత్తడి, రత్నము, చెక్క వీటితో పనిచేయుటకు. 35వ అధ్యాయములో స్త్రీలు తమ చేతులతో వడికి తెచ్చిన నూలును ఆ గుడారమునకు అర్పించిరి. పగలంతయు పనిచేసి కాయలు కాచిన చేతులు గల మనకు ఇది ఎంత ఆదరణ!

ఈ ఆస్ట్రేలియా దేశమునందే దీనికి గొప్ప దృష్టాంతము గలదు. ఉత్తరమున ఆర్న్‌హెమ్ లాండులో యిర్కాల అను ఊరున్నది. అచ్చట 1935లో మెథడిస్టు మిషను నెలకొనెను. ఆ ప్రాంతపు ఆదివాసులగు యోల్ంగు జనులలో దువా, యిరిట్జ అని రెండు భాగములు గలవు. ప్రతి మనిషియు, ప్రతి నేలయు, ప్రతి జంతువును ఈ రెంటిలో ఒకదానికి చెందును. మనము ఇంటిపేరు చూచి వియ్యమందునట్లు, వారు ఎదుటి భాగములోనే పెండ్లాడుదురు.

1962-63 సంవత్సరములలో ఈ రెండు భాగముల పెద్దలు కూడి, సుమారు 12 అడుగుల ఎత్తు గల రెండు పలకలమీద తమ నేలను, తమ పూర్వుల చరిత్రను చిత్రించిరి. ఒక్కొక్క పలకకు ఎనమండుగురు పనిచేసిరి. ఎఱ్ఱమన్ను, పచ్చమన్ను, సుద్ద, నలుపు ఇవియే వారి రంగులు. సన్నని గీతలకు కొద్ది వెండ్రుకలు కట్టిన కుంచెయే సాధనము. ఆ పలకలను గుడిలో సిలువకు ఇరుప్రక్కల నిలిపిరి. తమ నేలను, తమ వంశమును విడువకయే దేవుని సన్నిధికి వచ్చితిమని వారు ఆ చేతిపనిచేత చెప్పిరి. అదే 1963లో గని త్రవ్వకమునకై తమ భూమి పోవుచుండగా, చెట్టుబెరడుపై అర్జీ అంటించి చుట్టును చిత్రములు వ్రాసి దేశపు పార్లమెంటుకు పంపినవారును వీరే.

అయినను 1974లో ఆ పలకలను గుడినుండి తీసి పారవేసిరి. 1978లో ఆ ఊరి కళామందిరము వారు వాటిని రక్షించిరి. నేడవి అచ్చటనే భద్రముగా నున్నవి. దీని చదివినప్పుడు నా చీపురు నాకు జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిని.

2004లో ఇంగ్లండులో మెస్సీ చర్చి అను నొక పద్ధతి ఆరంభమాయెను. పెద్దలు పిన్నలు కలిసి ముందు చేతులతో ఏదేని చేయుదురు, పిమ్మట పాటయు వాక్యమును ప్రార్థనయు, చివర సహపంక్తి భోజనము. ఇది ఆస్ట్రేలియాకును వచ్చినది. ఇందు మనము గ్రహింపవలసిన దేమనగా, చేతిపనిని పిల్లలకు మాత్రమే విడువరాదు. తాత అల్లుచుండగా మనుమడు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలెను. ఆ దినపు వాక్యమునకును పనికిని సంబంధముండవలెను. విత్తువాని ఉపమానము చదువు దినమున విత్తనములు నాటవచ్చును. కోతపండుగకు తల్లులు గుడి వాకిట ముగ్గులు పెట్టవచ్చును. దీనికి డబ్బు అక్కరలేదు, తోటలో దొరకు ఆకు, మన్ను, దారము చాలును.

అన్నిటికంటె ముఖ్యము, చేసినదానిని బల్లమీద ఉంచి, కానుకతోపాటు ప్రార్థించి, పిమ్మట ఎవరిది వారికి ఇంటికి పంపవలెను. మట్టల సిలువను తలుపుపైన చెక్కి, మరుసటి ఏటి వరకు ఉంచుడు.

ఆ చిన్నదానిని పిలిచి, తప్పు నాదని చెప్పితిని. ఇద్దరమును కూర్చుండి మరియొక సిలువ అల్లితిమి. నాకంటె దానికే చక్కగా వచ్చినది. ఇప్పుడది మన గుడి బల్లమీద నున్నది. వచ్చు ఆదివారమున మీరే చూడుడు.