మట్టి లేని పెరడు



ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుండి వచ్చిందని మన పెద్దలు చెబుతారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడలో పెరిగిన మనకు మొక్క పెంచడం ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. అయినా ఈమధ్య ఇచ్ఛాపురం నుండి టెక్కలి వరకు ఏ సంఘానికి వెళ్లినా యౌవనస్థులు మమ్మును ఒక మాట అడుగుతున్నారు. "అయ్యగారూ, మట్టి లేకుండా నీళ్లలోనే కూరగాయలు పండుతాయట, నిజమేనా? మన ఇళ్లలో పెట్టుకోవచ్చునా?"

నిజమే. దీనిని హైడ్రోపోనిక్స్ అంటారు. అది ఏమిటో, మనకు ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ నెల వ్రాయదలచాము. ముఖ్యముగా కిడ్నీ జబ్బుతో బాధపడే మనిషి ఉన్న కుటుంబము వారు చివరి వరకు చదవాలని మనవి.

మొక్క బతకడానికి 17 మూలకాలు కావాలి. వాటిలో కర్బనము, ఉదజని, ప్రాణవాయువు అనే మూడింటిని గాలి నుండి, నీటి నుండి తీసుకుంటుంది. మిగిలిన 14 వేళ్ల ద్వారా రావాలి. నత్రజని, భాస్వరము, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకము కాస్త ఎక్కువగా కావాలి. ఇనుము, జింకు, బోరాన్ వంటివి అతి కొద్దిగా చాలు. మట్టి ఈ లవణాలకు గిడ్డంగి వంటిది, వేరుకు ఆసరా కూడా. ఆ లవణాలను మనమే నీటిలో కరిగించి ఇచ్చి, వేరుకు గాలి తగిలేటట్లు చూచి, మొక్క పడిపోకుండా నిలబెడితే మట్టి లేకపోయినా పెరుగుతుంది. ఇందులో ఇంద్రజాలమేమీ లేదు.

1860 ప్రాంతములోనే జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ అనే జర్మనీ శాస్త్రజ్ఞులు లవణాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచి చూపించారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె 1929 నుండి దీనిని పంటల సాగుకు వాడాడు. నీళ్ల తొట్లలో ఆయన పెంచిన టమాటా తీగలు 25 అడుగులు ఎదిగాయి. హైడ్రోపోనిక్స్ అన్న పేరును 1937లో వాడుకలోకి తెచ్చినది ఆయనే. మన దేశములో 1946లో జేమ్స్ షోల్టో డగ్లస్ బెంగాల్‌లోని కాలింపాంగ్ వద్ద సామాన్యులు చేసుకోగల పద్ధతి ఒకటి తయారుచేశాడు. అందులో యంత్రాలు, మోటార్లు లేవు. రాతి ముక్కలు, ఇసుక నింపిన తొట్టి, పైన చల్లే లవణాల పొడి, చేతితో పోసే నీళ్లు, అంతే. కాబట్టి ఇది పట్నపు మేడల మీద పుట్టిన వేడుక కాదు. పేదవాని గుమ్మము ముందు కూడా దీనికి చోటుంది.

మనకు దీని అవసరమేమిటని ఎవరైనా అడగవచ్చు. పెరడు, మంచి మన్ను ఉన్నవారికి మట్టిలో వేసిన పాదే మేలు. దానిని విడిచి దీని వెంట పడనక్కరలేదు. అయితే సెంటున్నర స్థలములో కట్టిన కాలనీ ఇంటికి పెరడు ఎక్కడిది? సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఉన్న ఇంట్లో తోటకూర మడికి పోసిన నీరు నిలవదు. నడుము వంగని ముసలివారు మడి త్రవ్వలేరు. ఇటువంటి ఇళ్లకు వసారాలో బల్ల మీద పెట్టుకొనే పెట్టె ఒకటి, వారానికి రెండు పూటల ఆకుకూరకు ఆధారమవుతుంది.

పద్ధతులు చాలా ఉన్నవి. గొట్టాలలో నీరు తిప్పుతూ ఉండే మోటారు పద్ధతి మన ప్రాంతానికి తగదని మా అభిప్రాయము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటిన తరువాత ఎన్ని రోజులు చీకటిలో గడిపామో మనకు తెలుసు. కరెంటు పోతే అటువంటి గొట్టాలలోని మొక్కలు ఎండలో పూటకే వాడిపోతాయి. హవాయి విశ్వవిద్యాలయములో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారములోకి తెచ్చిన నిలువ నీటి పద్ధతికి కరెంటు అక్కరలేదు. మనకు అదే సులువు.

చేపల వ్యాపారులు పారవేసే థర్మాకోల్ పెట్టె ఒకటి తీసుకొని బాగా కడిగి ఎండబెట్టండి. లోపల నల్ల పాలిథిన్ కాగితము పరచండి. వెలుతురు తగిలితే నీటిలో నాచు పట్టి, మొక్క తిండిని అది తినేస్తుంది. మూతకు జానెడు దూరములో రంధ్రాలు చేసి, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులు వాటిలో దించండి. గ్లాసులో కొబ్బరి పొట్టు నింపండి. మన దగ్గర పీచు తీసిన చోట కుప్పలుగా పడి ఉండే ఈ పొట్టునే లోకమంతట మట్టిలేని సాగుకు కొనుక్కొంటున్నారు. అయితే దానిలో ఉప్పు ఉంటుంది గనుక రెండు మూడు సార్లు మంచినీటిలో నానబెట్టి పిండిన తరువాతనే వాడాలి. పాలకూర, తోటకూర నారును, లేదా పుదీనా, బచ్చలి కాడలను అందులో నాటండి. మొదట గ్లాసు అడుగు మాత్రము నీటికి తగలాలి. మొక్క త్రాగేకొలది నీరు దిగుతుంది. పైన ఏర్పడిన ఖాళీలో వేళ్లు గాలి పీల్చుకుంటాయి. అందుచేత నీరు తగ్గిందని మరల అంచు వరకు నింపకూడదు. నింపితే గాలికి అలవాటుపడిన వేళ్లు మునిగి కుళ్లిపోతాయి. బాగా తగ్గినప్పుడు అడుగున కొంచెము పోస్తే చాలు.

పెట్టెకు రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. వాననీరు లోపల పడకూడదు. మూత సందు లేకుండా ఉండాలి, లేకపోతే దోమలు గ్రుడ్లు పెడతాయి. మండు వేసవిలో నీరు వేడెక్కి వేళ్లు చెడతాయి గనుక వానలు వెనుకబట్టిన తరువాత, చలికాలములో మొదలుపెట్టడం మంచిది. టమాటా, వంగ, మిరప వంటి కాయ మొక్కలకు ఒక్కొక్క దానికి పెద్ద బకెట్టు, ఊతకర్ర కావాలి. అవి రెండవ ఏడు చూచుకోవచ్చు. పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా ఈ పనికి వాడవద్దు.

ఇక ఎరువు సంగతి. పొలానికి వేసే యూరియా, డి.ఏ.పి. నీటిలో కలిపితే సరిపోతుందనుకోవద్దు. యూరియాను మొక్క తీసుకొనే రూపములోకి మార్చేవి మట్టిలోని సూక్ష్మజీవులు. మట్టి లేని చోట ఆ పని సరిగా జరగదు. ఈ సాగు కోసమని రెండు భాగాలుగా అమ్మే లవణాలు ఉంటాయి. వాటిని చిక్కగా ఉన్నప్పుడు ఒకదానితో ఒకటి కలిపితే కాల్షియం గట్టిపడి అడుగున దిగిపోతుంది. ఒకటి పూర్తిగా నీటిలో కలిసిన తరువాతనే రెండవది పోయాలి. చీటీ మీద ఉన్న కొలత దాటవద్దు, లేత నారుకు అందులో సగము చాలు. ముందుగా మీ నూతి నీటిలో లవణాలు ఎంత ఉన్నవో చూపించుకోండి. తీరపు నీరు ఉప్పుగా ఉంటే పట్టి ఉంచిన వాననీరు శ్రేష్ఠము. సందేహాలకు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రము వారిని అడగవచ్చు. కోతకు మూడు నాలుగు రోజుల ముందు లవణాల నీరు తీసి మంచినీరు పోస్తే ఆకులో నైట్రేటు తగ్గుతుంది. తీసిన నీటిని నూతి దగ్గర పారబోయక, దూరముగా ఉన్న కొబ్బరి మొదట పోయండి. మన నూతులను కాపాడుకోవడం కూడా పొరుగువాని యెడల ప్రేమే.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తున్నాము. ఉద్దానములో కిడ్నీ జబ్బు తగలని ఊరు అరుదు. దానికి ఇదే కారణమని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలం జలాశయము నుండి మంచినీరు తెచ్చే పథకము కూడా ఆనాడే ప్రారంభమైనది. ఇవి మేలే. అయితే రోగి కంచములో ఏమి పడుతుందో చూచుకోవలసినది ఇంటివారే.

కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లో పొటాషియం బయటికి పోక నిలిచిపోతుంది. అది హద్దు మీరితే గుండె ఆగిపోవచ్చు. అందుకే అటువంటివారికి డాక్టర్లు కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, చాలా రకాల ఆకుకూరలు వద్దంటారు. జబ్బు మనిషిని చూడవచ్చి బొండాం కొట్టి ఇవ్వడం మర్యాదగా గల మనకు ఇది మింగుడుపడని మాట. పైగా, "మందులు కొట్టని ఇంటి కూర, నీళ్లలో పెంచినది, ఇది తింటే ఏమీ కాదు" అని పొరబడే వీలున్నది. మట్టి లేనంత మాత్రాన పొటాషియం లేదని కాదు. మనము నీటిలో కలిపే లవణాలలో అదే ఒక ముఖ్య భాగము.

జపానులో ఫుజిత్సు కంపెనీ ఐజు-వకమత్సు పట్టణములో ఒకప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాల భాగాలు తయారుచేసిన గదులను ఇటువంటి తోటగా మార్చి, 2014లో పొటాషియం తగ్గించిన లెట్యూస్ అనే ఆకుకూరను అమ్మకానికి తెచ్చింది. కిడ్నీ రోగులు కూడా పచ్చి ఆకు తినగలగాలని వారి ఉద్దేశము. అయితే అది ప్రతి దశలో కొలిచి చూచి చేసిన పని. ఇంట్లో అంచనాగా పొటాష్ తగ్గించి, ఈ కూర నీకు మంచిదని రోగికి పెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే. ఏ కూర, ఎంత, వారానికి ఎన్నిసార్లు అన్నది రక్తపరీక్ష చూచిన డాక్టరే చెప్పాలి. ఆకును సన్నగా తరిగి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు వార్చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఎలీషా దినములలో కరవు వచ్చినప్పుడు ఒకడు మంచి మనస్సుతోనే పొలములోనికి వెళ్లి, ఏమిటో ఎరుగని తీగ కాయలు తెచ్చి కుండలో వేసిన సంగతి రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో చదువుతాము. వాని ప్రేమలో లోపము లేదు, తెలివిలో ఉన్నది. రోగికి వండే చేతికి ప్రేమతోపాటు తెలివి కూడా కావాలి.

ఇంకొక మాట. సెల్‌ఫోనులో వీడియోలు చూచి, వేలకు వేలు పోసి సామాను తెప్పించుకోవద్దు. డ్వాక్రా అప్పు దీని కోసము వాడవద్దు. ఒక పెట్టెతో ఆరంభించండి. సంఘములోని స్త్రీల సమాజము వారు నీటి లవణాలు కొలిచే చిన్న పరికరము ఒకటి, ఎరువు పొట్లము ఒకటి కలిసి కొని పంచుకొంటే ఎవరికీ భారము కాదు.

మట్టి మన మరపును కొంత కాస్తుంది. రెండు రోజులు నీరు పోయకపోయినా వేరు లోతుకు పోయి వెదకుకొంటుంది. నీళ్ల పెట్టెలోని మొక్కకు ఆ దారి లేదు, ప్రతిదీ మన చేతి నుండే దానికి రావాలి. ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు మనుష్యునికి తోటలో రెండు పనులు అప్పగించాడు. ఒకటి సేద్యము, రెండవది కాపుదల. ఈ సాగులో సేద్యము తక్కువ, కాపుదల ఎక్కువ. ఉదయము ప్రార్థన ముగిసిన తరువాత మూత ఎత్తి చూచే రెండు నిమిషాలే దీనికి ప్రాణము. పౌలు నాటినా, అపొల్లో నీళ్లు పోసినా వృద్ధి కలుగజేసినది దేవుడేనని కొరింథీయులకు వ్రాసిన మాట ఈ పెట్టెకూ వర్తిస్తుంది.

డయాలసిస్‌కు వెళ్లివచ్చి, పొలము పని మానుకొని, మంచము మీద కూర్చొని దినములు లెక్కించే తండ్రులు, తల్లులు మన సంఘాలలో ఉన్నారు. నడుము ఎత్తు బల్ల మీద ఉన్న పెట్టెను చూచుకోవడానికి వంగనక్కరలేదు, బరువు మోయనక్కరలేదు. తాము తినకూడని ఆకును మనుమల కోసము పెంచగలరు. నేను ఇంటికి భారమైపోయానని కుమిలే మనిషికి ఆ పని ఒక ఔషధము వంటిది. మీ ఇంట్లో అటువంటివారుంటే ఆ పెట్టె బాధ్యత వారికే అప్పగించండి. వారు కోసి ఇచ్చిన ఆకుకూరను పిల్లల చేత వారి ముందే కృతజ్ఞతాస్తుతులతో తినిపించండి.

ప్రభువు మీ ఇంటిని, మీ చేతిపనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.