'లో' అంటే లోపలే

పన్నెండో తరగతిలో పైథాన్ ఒక పాఠం, నెట్‌వర్క్ వేరే పాఠం. రెండింటినీ ల్యాబ్‌లో కలిపి చూడాలని మా అభిప్రాయం. తెలుగు చెప్పేవాళ్ళకెందుకు అంటారా? బదిలీల గోల మాకూ ఉందిగా!

లినక్స్ కంప్యూటర్‌లో సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌తో 'ఐపీ అడ్రస్' కమాండ్ నడపండి. 'లో' పక్కన 127.0.0.1 కనిపిస్తుంది. యంత్రం తనతో తాను మాట్లాడుకొనే చిరునామా అది. ఏ ఊరెళ్ళినా అదే. తెలుగులోనూ 'లో' అంటే లోపలే కదా! వైఫైకి దొరికిన ఐపీ చిరునామా మాత్రం నెట్‌వర్క్ మారితే సాధారణంగా మారిపోతుంది, మన క్వార్టర్ నంబరులా. 48 బిట్ల మ్యాక్ చిరునామా కార్డుతోనే వస్తుంది. నిర్వచనం బట్టీపడితే ఈ తేడా కంటికి ఆనదు.

ఒక్క జాగ్రత్త. కమాండును ఒకే వాక్యంగా షెల్‌కు అప్పగించకండి, మాటలు విడదీసి లిస్టుగా ఇవ్వండి. ఎవరో టైపు చేసింది అందులో కలిస్తే, షెల్ దాన్నీ ఆజ్ఞగానే తీసుకోగలదు.