చేప ఆరోగ్యం చెరువు నీటిలో

చేపల బజారులో మనం మొప్పలెత్తి రంగు చూస్తాము, కంటి నిగనిగను పరిశీలిస్తాము. ఆ చేప పెరిగిన నీరు ఎటువంటిదని మాత్రం ఆలోచించము. చేప మంచిచెడ్డలు చాలావరకు ఆ నీటిలోనే నిర్ణయమవుతాయి. ఈ నెల ఆ విషయాన్ని పాఠకుల ముందుంచదలచాము.

కొల్లేరు పరిసరాలలోని కైకలూరు, ఆకివీడు ప్రాంతాలు మంచినీటి చేపల పెంపకానికి పేరు పొందినవి. అక్కడి శీలావతి, బొచ్చె చేపలు మంచుగడ్డల నడుమ లారీలలో పశ్చిమ బెంగాల్, అస్సాం రాష్ట్రాల దాకా వెళుతున్నాయి. అక్కడైనా, మరెక్కడైనా బాక్టీరియా లేని చెరువు ఉండదు. ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే సూక్ష్మజీవి మంచినీటిలో సహజంగానే నివసిస్తుంది. ఆరోగ్యవంతమైన చేప చర్మంపైన, మొప్పలలో, పేగులలో కూడ ఉంటుంది. చేపకు సత్తువ ఉన్నంతకాలం దాని వలన పెద్ద హాని కలుగదు. నీరు చెడినప్పుడే అది వ్యాధికారకమవుతుంది.

నీరు చెడడమంటే ఏమిటి? తినగా మిగిలిన తవుడు, అతిగా వేసిన కోళ్ల ఎరువు, చేపల విసర్జితాలు అడుగున పేరుకొని కుళ్లుతాయి. అది బాక్టీరియాకు విందు. ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. రాత్రివేళ నాచు కూడ ప్రాణవాయువునే వాడుకొనడం వలన తెల్లవారుజామున దాని కొరత తీవ్రమవుతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు సుఖం. బాగా తగ్గితే నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంది.

రెండవ శత్రువు అమ్మోనియా. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో నీటి పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడ ఉండదు. పి.హెచ్. 9కి చేరితే మూడవ వంతు మించుతుంది. నాచు దట్టమైన చెరువులో మధ్యాహ్నపు ఎండకు పి.హెచ్. అలా పెరగగలదు. మొప్పలు దెబ్బతిని నీరసించిన చేపలో బాక్టీరియా సులభంగా ప్రవేశిస్తుంది. రెక్కల మొదళ్లలో రక్తపుచారలు, ఉబ్బిన పొట్ట, ఒంటిపై పుండ్లు దాని గుర్తులు.

అప్పుడు కొందరు రైతులు ఆదరాబాదరాగా యాంటీబయాటిక్ మందులను ఆశ్రయిస్తారు. నీరు బాగుపడనిదే వ్యాధి మళ్లీ వస్తుంది, మందు మళ్లీ పడుతుంది. క్రమంగా మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది. ఆ లొంగని గుణం ఇతర బాక్టీరియాకు కూడ సంక్రమించగలదు. రేపు మన బిడ్డకు జ్వరం వస్తే వాడవలసిన మందు పనిచేయకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చును. అందువలన చెరువు ఉన్న మన ఉద్యోగ మిత్రులకు, వారి బంధువులకు మా మనవి ఇది. మబ్బు పట్టిన రోజున మేత తగ్గించండి. తెల్లవారకముందే చెరువు చూడండి. ఏరేటర్లు తిప్పండి, వీలైతే కొంత నీరు మార్చండి. మందుకంటె ముందు నీటిని పరీక్ష చేయించండి.

ఇక గృహిణులకు ఒక మాట. తాజా చేప కండలో బాక్టీరియా బహు స్వల్పం. పేగులలో, మొప్పలలో అధికం. చేప తెచ్చిన వెంటనే వాటిని తీసివేసి, కత్తిని, పీటను సబ్బుతో కడగండి. ఏరోమోనాస్ ఫ్రిజ్ చల్లదనంలో కూడ పెరుగగలదు గనుక రోజుల తరబడి నిలువ ఉంచక, బాగా ఉడికించి వడ్డించండి. చెరువులో రైతు చేయవలసినది రైతు చేస్తే, వంటింట మనం చేయవలసినది ఇంతే.